బట్టీ ఆపి, ఆ బిడ్డ ఒంట్లో నీరు ఎటు పోతోందో చూడు

ప్రశ్న: మేడమ్, మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. ఇంటర్ బైపీసీ వరకూ తెలుగు మీడియమే. ఈ ఏడాది బీఎస్సీ నర్సింగ్‌లో చేరాను. మొదటి సెమిస్టర్‌లోనే అనాటమీ, ఫిజియాలజీ, నర్సింగ్ ఫౌండేషన్ అన్నీ ఇంగ్లీషులో ఒకేసారి మీద పడ్డాయి. రాత్రి రెండు దాకా బట్టీ పడుతున్నాను, తెల్లారేసరికి ఒక్క ముక్క గుర్తుండటం లేదు. మొదటి ఇంటర్నల్‌లో అనాటమీ తప్పాను. రూమ్మేట్లంతా ఇంగ్లీషు మీడియం వాళ్ళే. మా అమ్మ ఆశా వర్కర్. నామీదే ప్రాణాలు పెట్టుకుని ఉంది, ఆమెకి ఈ సంగతి చెప్పలేదు. మానేసి మామూలు డిగ్రీలో చేరిపోనా? ఉండాలంటే, ఇంత సిలబస్‌లో అసలు ముందు ఏది నేర్చుకోవాలి? (పేరు రాయవద్దన్నారు)

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్ఫై ఏళ్ళకు పైగా వార్డుల్లోనూ క్లాసుల్లోనూ గడిపినదాన్ని, నా విద్యార్థినుల్లో ఒకదానివే అనుకుని 'నువ్వు' అనే అంటాను. ముందు ఒక్క మాట: మానేయకు. రోగి దగ్గర నిలబడటమే నీకు ఇష్టం లేదంటే అది వేరే సంగతి, అప్పుడు నేనే వద్దంటాను. అలాంటిది నీ ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు. ఒక్క ఇంటర్నల్ తప్పినందుకు వదిలేసే చదువు కాదు ఇది.

నీ కష్టమంతా ఇంగ్లీషు వల్లే అని నువ్వు అనుకుంటున్నావు. నాకు అలా అనిపించడం లేదు. 'స్టెర్నోక్లైడోమాస్టాయిడ్' అనే మాట మీ రూమ్మేట్లకీ మొన్నటిదాకా తెలియదు. అది ఇంగ్లీషు కాదు, గ్రీకు ముక్కలు కలిపి కట్టిన పేరు. నువ్వు ఇబ్బంది పడుతున్నది ఎక్కడంటే, అనాటమీని ఒక గదిలో, ఫిజియాలజీని ఇంకో గదిలో పెట్టి తాళాలు వేసి చదువుతున్నావు. మంచం మీద పడుకున్న మనిషి అలా గదులుగా ఉండదు. ఒక బిడ్డను చూపించి చెబుతాను, మీ అమ్మ వారానికి ఒకసారైనా చూసే బిడ్డే.

ఏడాదిన్నర పిల్ల. నిన్నటి నుంచి నీళ్ళ విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి, ఏడుస్తోంది కానీ కన్నీళ్ళు రావడం లేదు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత నెమ్మదిగా సర్దుకుంటోంది. కాళ్ళూ చేతులూ చల్లగా ఉన్నాయి. 'పొద్దుట్నుంచి ఒంటేలుకి పోలేదమ్మా' అంటోంది వాళ్ళ నాయనమ్మ.

ఇక్కడ మొదలుపెట్టు. పెద్దవాళ్ళ పేగుల్లోకి రోజుకి సుమారు 9 లీటర్ల నీరు వస్తుంది. మనం తాగేది, తినేది కలిపి 2 లీటర్లే. మిగతా 7 లీటర్లు లాలాజలం, జీర్ణరసాలు, పైత్యరసం, పేగు ఊరించే నీరు. ఇంత వచ్చినా మలంలో బయటికి పోయేది 100 నుంచి 200 ఎం.ఎల్. మాత్రమే, తక్కినదంతా పేగు తిరిగి పీల్చుకుంటుంది. చిన్నపేగు లోపలి గోడ నున్నగా కాకుండా మడతలు మడతలుగా, ఆ మడతల మీద సన్నని నూగులాగా ఎందుకుందో ఇప్పుడు తెలిసిందా? అంత నీటిని పీల్చాలంటే అంత జాగా కావాలి. 'విల్లై' అనే మాటను నువ్వు ఎన్నిసార్లు బట్టీ పట్టావో కానీ, ఈ 9 లీటర్ల లెక్క తెలిశాక దాన్ని మర్చిపోవడం కష్టం.

ఈ పిల్లది కలరా అనుకో. ఆ క్రిమి విడిచే విషం పేగు గోడలోని కణాలను పట్టుకుని క్లోరైడును పేగులోకి కుమ్మరింపజేస్తుంది. దాని వెంట సోడియం, సోడియం వెంట నీరు. అలా ఒంట్లో నీరు పోతోంది, అంటే రక్తం పరిమాణం తగ్గుతోంది. మెడలోని కరోటిడ్ ధమని దగ్గర, గుండె నుంచి బయలుదేరే అయోర్టా వంపు దగ్గర ఒత్తిడిని కనిపెట్టే నరాల కొసలు ఉన్నాయి. ఒత్తిడి తగ్గుతోందని అవి మెదడుకి కబురు పంపుతాయి. గుండె వేగం పెరుగుతుంది. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని, ఉన్న రక్తాన్ని మెదడుకీ గుండెకీ మళ్ళిస్తాయి. పిల్ల కాళ్ళూ చేతులూ చల్లబడింది అందుకే. అటు మెదడు కింది పిట్యూటరీ గ్రంథి, మూత్రంలో నీరు పోకుండా ఆపే ఏడీహెచ్ అనే హార్మోను విడుదల చేస్తుంది. కిడ్నీలు రెనిన్ అనే పదార్థం వదిలితే, ఆ వరసలో చివరికి అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టిరాన్ అనే హార్మోను వచ్చి ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది. పెద్దవాళ్ళ కిడ్నీలు రోజుకి 180 లీటర్లు వడకట్టి, లీటరున్నరా రెండు లీటర్లు తప్ప తక్కినదంతా వెనక్కి తీసుకుంటాయి. ఇలాంటి సమయంలో ఆ కాస్తా కూడా వదలవు. నాయనమ్మ చెప్పిన 'ఒంటేలుకి పోలేదు' అన్న మాటకి కారణం అదే. మీ పుస్తకం దాన్ని 'ఆలిగూరియా' అంటుంది.

విరేచనాలతో, ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ కూడా పోతుంది, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి ఊపిరి వేగంగా, లోతుగా మారుతుంది. ఊపిరితిత్తుల్లో ఏ జబ్బూ లేకుండానే పిల్లకి ఆయాసం! పొటాషియం పోతుంది, కండరాలు నీరసిస్తాయి, పేగు కదలిక తగ్గి పొట్ట ఉబ్బుతుంది. ఇంకొకటి బాగా గుర్తుపెట్టుకో. పిల్లల్లో బీపీ పడిపోవడం చిట్టచివర జరుగుతుంది. బీపీ బాగానే ఉంది కదా అని ఊరుకున్న నర్సు అప్పటికే ఆలస్యం చేసినట్టు. నాడి వేగం, చల్లని పాదాలు, మగతగా మారిన చూపు ముందే చెబుతాయి.

ఇప్పుడు మీ అమ్మ సంచిలోని ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనకవైపు చదువు. లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. పోయిన వాటిలో ఒక్కోదానికీ ఒక్కో జవాబు అందులో ఉంది. పొటాషియం పోయినందుకు పొటాషియం, ఆమ్లం పెరిగినందుకు సిట్రేట్ (అది ఒంట్లో బైకార్బనేట్‌గా మారుతుంది). మరి గ్లూకోజ్ శక్తి కోసమా? ముఖ్యంగా అందుకు కాదు. ఉప్పునీళ్ళు మాత్రమే తాగిస్తే విరేచనాల పేగు సరిగ్గా పీల్చుకోలేదు. కానీ సోడియాన్నీ గ్లూకోజ్‌నీ జంటగా లోపలికి తీసుకునే ద్వారం ఒకటి పేగు కణాలకి ఉంది, కలరాలో కూడా అది చెడదు. ఆ రెండూ కలిసి లోపలికి వెళితే వాటి వెంట నీరు వెళుతుంది. ఈ జంట ప్రయాణాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త వివరించాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరం నిండిపోయి, కలరా ముంచెత్తి, సెలైన్ చాలకపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ కలిపిన పొట్లాలు కట్టించి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. అంతకుముందు నూటికి ముప్ఫై మంది దాకా పోతున్న చోట, ఆయన చూసిన రోగుల్లో చనిపోయినవాళ్ళు 3.6 శాతం. ఆ పొట్లానికి వారసురాలే మీ అమ్మ చేతిలోని ప్యాకెట్.

దీన్నంతా ఇంత సాగదీసి ఎందుకు చెప్పానంటే, ఈ ఒక్క పిల్లతో నీకు పేగు నిర్మాణం వచ్చింది, రక్తప్రసరణ వచ్చింది, కిడ్నీ, హార్మోన్లు, ఆమ్ల క్షార సమతుల్యత, క్రిములు, మందు, నర్సింగ్ పరిశీలన అన్నీ వచ్చాయి. వీటిలో సగం నీకు వచ్చే సెమిస్టర్లలో వేరే వేరే పేపర్లుగా వస్తాయి. లోపల ఏది తప్పినా దాన్ని మళ్ళీ సరిగ్గా ఉండాల్సిన చోటికి తెచ్చుకోవాలని ఒళ్ళు పడే తంటాలను 'హోమియోస్టాసిస్' అంటారు. ముందు ఏది నేర్చుకోవాలని అడిగావు కదా, ఇది నేర్చుకో. ప్రతి అవయవాన్నీ చదివేటప్పుడు ఇది దేన్ని సరిగ్గా ఉంచడానికి పనిచేస్తోంది, చెడితే మనిషి ఏమని చెప్పుకుంటాడు అని తెలుగులోనే అడుగు. జవాబు తెలుగులో వచ్చాక దానికి ఇంగ్లీషు పేరు తగిలించు. పరీక్షలో రాయాల్సింది ఇంగ్లీషులోనే కాబట్టి ఆ పేరూ, స్పెల్లింగూ రోజూ పది చొప్పున రాసి చూసుకోవాల్సిందే, అందులో దగ్గరిదారి లేదు. కానీ అర్థం ముందు, పేరు తర్వాత.

ఆ పేర్లకీ ఒక పద్ధతి ఉంది. ఇంట్లో నీళ్ళు అంటాం, గుళ్ళో తీర్థం అంటాం, పద్యంలో జలం అంటాం. అలాగే ఒకే అవయవానికి గ్రీకు పేరొకటి, లాటిన్ పేరొకటి నడుస్తాయి. 'నెఫ్రో' అన్నా 'రీనల్' అన్నా కిడ్నీయే. 'న్యుమో' అన్నా 'పల్మనరీ' అన్నా ఊపిరితిత్తుల సంగతే. చివర 'ఐటిస్' ఉంటే వాపు, మంట. 'ఈమియా' ఉంటే రక్తంలో, 'యూరియా' ఉంటే మూత్రంలో. 'ఎక్టమీ' అంటే కోసి తీసేయడం, 'ఆస్టమీ' అంటే బయటికి దారి పెట్టడం, 'ఆటమీ' అంటే కోయడం మాత్రమే. ఒక్క అక్షరం తేడాతో ఆపరేషనే మారిపోతుంది. 'హైపో', 'హైపర్' అనే రెండూ ఫోన్లో వింటే ఒకేలా ఉంటాయి. 'హైపోకలీమియా' అంటే పొటాషియం తక్కువ, 'హైపర్‌కలీమియా' అంటే ఎక్కువ. రెంటిలో ఏది తీవ్రమైనా గుండె లయ తప్పుతుంది, వైద్యం మాత్రం ఒకదానికొకటి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అందుకే ఎవరైనా ఫోన్లో చెబితే, 'తక్కువ అనే కదండీ మీరన్నది' అని తిరిగి చెప్పి ఖాయం చేసుకోవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకో.

ఇక నీ తెలుగు సంగతి. దాన్ని బరువు అనుకోకు. వార్డులోకి వచ్చే ముసలమ్మ 'చెస్ట్ పెయిన్' అనదు. 'గుండెల్లో గ్యాస్ పట్టేసింది, ఎడం చెయ్యి లాగుతోంది, ఒకటే చెమటలు' అంటుంది. గ్యాస్ అన్న మాట విని యాంటాసిడ్ ఇచ్చి పంపేస్తే మనిషి దక్కకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకైతే నొప్పే తెలియకుండా, 'ఊరికే నీరసంగా ఉందమ్మా' అనే మాటతోనే గుండెపోటు రావచ్చు. ఏడో నెల గర్భిణి 'కాళ్ళకి నీరు పట్టింది, తల పగిలిపోతోంది, కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయి' అంటే వెంటనే బీపీ చూడాలి. ఇరవై వారాలు దాటాక 140/90 గానీ ఆ పైన గానీ ఉంటే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన సంగతి, అది ఫిట్స్ దాకా పోవచ్చు. తెల్లబట్ట, పోట్లు, సలుపు, తిమ్మిరి, కళ్ళు తిరగడం, గుండె దడ, వీటిలో ఏది ఏమిటో నీకు పుట్టుకతో తెలుసు. నీ క్లాసులో కొందరు దాన్ని వార్డుకొచ్చాక నేర్చుకోవాలి. ఒక నోటుబుక్కు పెట్టుకుని మీ అమ్మ చుట్టుపక్కల ఇళ్ళల్లో వినే మాటలు ఎడమ పేజీలో, పుస్తకం మాట కుడి పేజీలో రాసుకో. అంతటి పాఠ్యపుస్తకం నీకు కొట్లో దొరకదు.

అంకెల దగ్గర మాత్రం తెలుగు, ఇంగ్లీషు అనే తేడా లేదు, జాగ్రత్త ఒక్కటే. పెద్దవాళ్ళకి నాడి నిమిషానికి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20, ఆక్సిజన్ 95 శాతం పైన, ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. నా మొదటి పోస్టింగ్‌లో నేను చేసిన తప్పు చెబుతాను. వరుసగా పన్నెండు మంచాలు. అందరి ఊపిరీ లెక్కపెట్టే ఓపిక లేక చార్టుల్లో 20, 20, 20 అని రాసుకుంటూ పోయాను. తొమ్మిదో మంచం మీది ఆయన ఊపిరి నిజానికి 34. రాత్రికి ఆయన్ని ఐసీయూకి మార్చారు. మా వార్డు సిస్టర్ నన్ను తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఆ చార్టు నా చేతిలో పెట్టి, నేను రాసిన 20 మీద వేలుపెట్టి చూపించింది. ఆ వేలు నాకిప్పటికీ కనబడుతుంది. మనిషి పరిస్థితి దిగజారుతుంటే తరచుగా అన్నిటికంటే ముందు మారేది ఊపిరే, వార్డుల్లో అందరూ కళ్ళతో చూసి అంకె వేసేసేదీ అదే. వాచీ పట్టుకుని పూర్తి నిమిషం లెక్కపెట్టు. లెక్కపెడుతున్నట్టు రోగికి తెలిస్తే ఊపిరి మారిపోతుంది, అందుకని నాడి పట్టుకున్నట్టే చేతిని ఉంచి ఛాతీ కదలిక చూడు.

లెక్కలంటే భయమని చాలామంది అంటారు, నువ్వు అనలేదు, సంతోషం. అయినా ఒకటి చేసి చూద్దాం. 500 ఎం.ఎల్. సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి. సెలైన్ గొట్టం సెట్టు కవరు మీద ఎం.ఎల్.కి 20 చుక్కలు అని ఉంది. 500ని 20తో హెచ్చవేసి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి సుమారు 42 చుక్కలు. పిల్లలకి వాడే మైక్రో సెట్టులో ఎం.ఎల్.కి 60 చుక్కలు ఉంటాయి, కాబట్టి ముందు కవరు చదవాలి. ఇన్సులిన్ అయితే ఇంకా జాగ్రత్త. మన దేశంలో సీసాల్లో ఎక్కువగా వచ్చేది ఎం.ఎల్.కి 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత. 100 యూనిట్లది కూడా ఉంది, దాని సిరంజికి నారింజ మూత. 100 మందును 40 సిరంజిలో 20 గీత దాకా లాగితే రోగికి వెళ్ళేది 20 యూనిట్లు కాదు, 50. షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. ఇందులో ఫిజియాలజీ లేదు, ఇంగ్లీషు లేదు, మూత రంగు చూడటం ఉంది అంతే.

వార్డు పోస్టింగ్ మొదలయ్యేలోపు హెపటైటిస్ బి టీకా పూర్తి చేసుకో, 0, 1, 6 నెలలకి మూడు డోసులు. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకు, తెల్ల డబ్బాలో వేసెయ్. పొరపాటున గుచ్చుకుంటే పిండకుండా సబ్బు నీళ్ళతో కడిగి అప్పుడే చెప్పు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 2 గంటల్లోపు మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. తిడతారని దాచుకున్న పిల్లలను చూశాను, నువ్వు అలా చేయకు.

తప్పడం గురించి ఒక్క మాట. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ మొదటిసారే గట్టెక్కలేదు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో తోబుట్టువును పోగొట్టుకున్నారు. అమెరికా వెళ్ళి, కణంలో శక్తిని దాచి ఉంచే ఏటీపీ మీద పనిచేశారు. తర్వాత 1940లలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. నువ్వు వచ్చే సెమిస్టర్‌లో బయోకెమిస్ట్రీలో చదవబోయే ఏటీపీ వెనక ఆయన ఉన్నారు. మీ అమ్మ గర్భిణులకి పంచే ఐరన్ మాత్రలోనూ ఉన్నారు, అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ తయారవ్వాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. కడుపులోని బిడ్డ వెన్నుగొట్టం (మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం) గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు. అందుకే పెళ్ళైన కొత్తలోనే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టమంటారు.

రాత్రి రెండింటి దాకా కూర్చోవడం మానేయి. చదివింది తలలో స్థిరపడేది నిద్రలోనే. పదకొండుకి పడుకుని ఐదింటికి లే. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుండె బొమ్మ చేత్తో గీసి, రక్తం వెళ్ళే దారి వేలితో చూపిస్తూ పైకి చెప్పు. బొమ్మలో నీ కుడివైపున ఉన్నది రోగికి ఎడమ అని ప్రతిసారీ గుర్తుచేసుకో. మీ రూమ్మేట్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకో. ఆ అమ్మాయి నీకు స్పెల్లింగు చెబుతుంది, నువ్వు ఆమెకి 'సలుపు' అంటే ఏమిటో చెప్పు.

అమ్మకి ఫోన్ చేసి ఇంటర్నల్ సంగతి చెప్పెయ్. వచ్చే సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె వెంట రెండు మూడు ఇళ్ళకి వెళ్ళు. విరేచనాల బిడ్డ కనిపిస్తే ఓఆర్ఎస్‌తో పాటు జింక్ మాత్ర 14 రోజులు ఎందుకు ఇస్తారో ఆమెనే అడుగు, ఎలా చెబుతుందో విను. లీటరు నీళ్ళలో కలపాల్సిన ప్యాకెట్‌ను గ్లాసులో కలిపేసే తల్లులకి ఆమె ఏ మాటలతో నచ్చజెబుతుందో రాసుకో. దగ్గుతో ఉన్న పసిబిడ్డ ఎదురైతే వాచీ తీసి ఊపిరి నిమిషం నిండా లెక్కపెట్టు. రెండు నెలలు నిండని పసిగుడ్డుకి 60, ఏడాది లోపు బిడ్డకి 50, ఆ పైన ఐదేళ్ళ లోపు బిడ్డకి 40, ఆ అంకె వచ్చినా దాటినా ఆసుపత్రికి పంపాల్సిందే. ఈ అంకెలు మీ అమ్మకి ఇప్పటికే కంఠతా వచ్చి ఉంటాయి. నువ్వు లెక్కపెట్టిందీ ఆమె లెక్కపెట్టిందీ ఒకటేనా కాదా, నాకు రాయి.